పాత కెమెరాకు ఏ నలుపు-తెలుపు ఫిల్మ్? ఎంపిక కెమెరాతోనే మొదలవ్వాలి

బీరువా పై అరలో తోలు సంచిలో దశాబ్దాలుగా మూలబడి ఉన్న కెమెరాలు మళ్లీ చేతికి వస్తున్నాయి. తండ్రి వాడిన యాషికా, తాతగారి అగ్ఫా క్లిక్-3, కళాశాల రోజుల్లో కొనుక్కున్న జెనిత్ లేదా పెంటాక్స్ కె1000. వీటిని తుడిచి, మీట తిప్పి, షట్టర్ శబ్దం విన్న వెంటనే ఎవరికైనా కలిగే తొలి సందేహం ఒక్కటే: ఇందులో ఇప్పుడు ఏ ఫిల్మ్ వేయాలి?

సాధారణంగా ఈ ప్రశ్నకు సమాధానం ఫిల్మ్ పేర్లలో వెతుకుతారు. ఎవరో ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు వాడినదనో, అంతర్జాలంలో చూసిన బొమ్మ నచ్చిందనో ఒక రీలు కొంటారు. ఆ రీలు కడిగించాక సగం బొమ్మలు తెల్లబోయి, మిగిలిన సగం మసకబారి కనిపిస్తే, కెమెరా మళ్లీ బీరువాలోకి వెళ్లిపోతుంది. నిజానికి అనేక సందర్భాలలో లోపం కెమెరాలోనూ ఉండదు, ఫిల్మ్‌లోనూ ఉండదు. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోవడమే అసలు కారణం. కెమెరా ఏమి చేయగలదు, వెలుతురు ఎంత ఉంది, రీలు కడిగేది ఎవరు అనే మూడు ప్రశ్నలను ఇదే వరుసలో వేసుకుంటే ఎంపిక చాలా సులభమవుతుంది.

నలుపు-తెలుపే ఎందుకు?

చాలాకాలం తరువాత ఫిల్మ్‌కు తిరిగి వచ్చేవారికి నలుపు-తెలుపు అనుకూలమైనదని చెప్పడానికి మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది, దాని సహనం. నలుపు-తెలుపు నెగెటివ్ అవసరమైన దానికంటే నాలుగు రెట్లు ఎక్కువ వెలుతురు తగిలినా, అంటే రెండు స్టాపులు మించినా, చాలావరకు మంచి బొమ్మనే ఇస్తుంది. పాత కెమెరాలలో నూనె గట్టిపడి షట్టర్ నెమ్మదించడం సర్వసాధారణం. షట్టర్ నెమ్మదిస్తే ఫిల్మ్‌పై వెలుతురు ఎక్కువగా పడుతుంది. ఆ లోపాన్ని నలుపు-తెలుపు ఫిల్మ్ చాలావరకు కడుపులో దాచుకుంటుంది. వెలుతురు తక్కువైతే మాత్రం నీడలలోని వివరం శాశ్వతంగా పోతుంది. కనుక అనుమానం వచ్చిన ప్రతిసారీ కొంచెం ఎక్కువ వెలుతురు ఇవ్వడమే క్షేమం.

రెండవది, దీనిని ఇంట్లోనే కడుక్కోవచ్చు. రంగుల నెగెటివ్ కడగడానికి వాడే సి-41 విధానంలో డెవలపర్‌ను 38 డిగ్రీల సెల్సియస్ వద్ద దాదాపు తేడా లేకుండా నిలిపి ఉంచాలి. నలుపు-తెలుపు విధానంలో అంత కచ్చితత్వం అక్కరలేదు.

మూడవది, మన్నిక. రంగుల ఫిల్మ్‌లో బొమ్మను ఏర్పరచేవి రసాయన వర్ణకాలు. అవి కాలక్రమంలో వెలిసిపోతాయి. సాంప్రదాయిక నలుపు-తెలుపు నెగెటివ్‌లో బొమ్మ లోహరూపంలోని వెండితో ఏర్పడుతుంది. హైపోలో సరిగా స్థిరపరచి, బాగా కడిగి, తేమ తగలకుండా దాచిన నెగెటివ్ తరాల పాటు నిలుస్తుంది. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పేరొందిన రాజా దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు పలకల మీద తీసిన నెగెటివ్‌లు నేటికీ పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయంటే అది వెండి బొమ్మ చలవే. ఇంటిలోని వృద్ధుల ముఖాలను మనుమల మనుమలు చూడాలని కోరుకునేవారికి ఇది చిన్న విషయం కాదు.

మొదట కెమెరాను ప్రశ్నించండి

ముందుగా చూడవలసినది ఫిల్మ్ పరిమాణం. 35 మిల్లీమీటర్ల రీళ్లు, మధ్యస్థ పరిమాణపు 120 రీళ్లు నేటికీ తయారవుతున్నాయి. యాషికా ఎలక్ట్రో 35, జెనిత్, పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్‌ఎం2 వంటివి మొదటి తరగతికి చెందుతాయి. యాషికా మ్యాట్-124జి, అగ్ఫా క్లిక్-3 వంటివి 120 రీలుతో పనిచేసి 12 చదరపు బొమ్మలు ఇస్తాయి. కొన్ని పాత కొడాక్ బ్రౌనీ కెమెరాలకు కావలసినది 620 రీలు. ఇందులో ఫిల్మ్ వెడల్పు 120తో సమానమే, చుట్టే కండె మాత్రం సన్నగా ఉంటుంది. చీకటిలో 120 ఫిల్మ్‌ను 620 కండెకు మార్చి చుట్టి వాడుకోవచ్చు. కనుక అటువంటి కెమెరాలో మిగిలిన పాత ఖాళీ కండెను పారవేయకూడదు.

రెండవది, షట్టర్ గరిష్ఠ వేగం. జెనిత్-ఇలో అది సెకనులో 500వ వంతు, పెంటాక్స్ కె1000లో 1000వ వంతు, నికాన్ ఎఫ్‌ఎం2లో 4000వ వంతు. క్లిక్-3 వంటి సాధారణ కెమెరాలో మార్చుకునే వీలే లేదు. సుమారు 1/30 నుంచి 1/50 సెకను మధ్య ఒకే వేగం ఉంటుంది. ఫిల్మ్ వేగాన్ని నిర్ణయించవలసింది ఈ అంకెయే.

మూడవది, వెలుతురు కొలిచే మీటరు. సెలీనియం పలకతో పనిచేసే పాత మీటర్లు వయసుతో బలహీనపడతాయి. బ్యాటరీతో నడిచే అనేక పాత మీటర్లు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీల కోసం రూపొందాయి. పర్యావరణ కారణాలతో అవి మార్కెట్ నుంచి వైదొలగాయి. వాటి స్థానంలో 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే కొన్ని కెమెరాల మీటర్లు తప్పు చూపుతాయి. చరవాణిలోని వెలుతురు కొలిచే యాప్‌తో పోల్చి చూసి, తేడా ఎంతో ఒకసారి తెలుసుకుంటే సరిపోతుంది.

మీటరు పలకపై అంకెలు కూడా అయోమయానికి గురిచేయవచ్చు. పాత ఏఎస్ఏ అంకెలు, నేటి ఐఎస్ఓ అంకెలు ఒకటే. జర్మనీ పద్ధతిలో 21 డిన్ అంటే 100, 27 డిన్ అంటే 400. పాత సోవియట్ కెమెరాలపై ఉండే గోస్ట్ అంకెలు ఏఎస్ఏ కంటే కొద్దిగా తక్కువ. ఆ తేడాను పట్టించుకోనక్కరలేదు.

120 కెమెరాలలో మరొక సూక్ష్మం ఉంది. బొమ్మ సంఖ్య కనిపించేందుకు వెనుక ఎర్రని కిటికీ ఉంటుంది. తొలినాటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కు ఎరుపు సోకదు కనుక అది అప్పట్లో నిరపాయం. నేటి పాన్‌క్రోమాటిక్ ఫిల్మ్ ఎరుపును కూడా చూస్తుంది. అందుచేత ఎండలో ఆ కిటికీని నల్లని టేపుతో కప్పి, రీలు తిప్పేటప్పుడు మాత్రం నీడలో తెరవాలి.

ఆ తరువాత ఎండను లెక్క వేయండి

ఫిల్మ్ డబ్బాపై ఉండే 50, 100, 400 వంటి ఐఎస్ఓ అంకెలు ఆ ఫిల్మ్ వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుందో తెలుపుతాయి. అంకె రెట్టింపైతే అవసరమయ్యే వెలుతురు సగమవుతుంది. మీటరు లేకపోయినా ఉపయోగపడే పాత సూత్రం ఒకటి ఉంది. నిండు ఎండలో ఎపర్చర్‌ను ఎఫ్/16 వద్ద ఉంచితే, షట్టర్ వేగం ఐఎస్ఓ అంకెకు దగ్గరగా ఉండాలి. ఐఎస్ఓ 100 ఫిల్మ్‌కు సెకనులో 100వ వంతు, ఐఎస్ఓ 400 ఫిల్మ్‌కు 400వ వంతు.

ఈ లెక్కను పెంటాక్స్ కె1000కు అన్వయించి చూద్దాం. ఆరుబయట ఒక వ్యక్తి ముఖం స్పష్టంగా, వెనుక దృశ్యం మసకగా రావాలంటే ఎపర్చర్‌ను ఎఫ్/5.6 వరకు తెరవాలనుకుందాం. ఐఎస్ఓ 400 ఫిల్మ్ అయితే దాదాపు 1/3200 సెకను కావాలి. ఆ వేగం ఆ కెమెరాలో లేదు. ఐఎస్ఓ 100 ఫిల్మ్ అయితే 1/800 సరిపోతుంది; 1/1000 వద్ద పని జరిగిపోతుంది. జెనిత్-ఇలోనైతే 1/500 వద్ద ఒక స్టాపుకు కాస్త తక్కువగా వెలుతురు ఎక్కువవుతుంది. దానిని ఫిల్మ్ భరిస్తుంది.

క్లిక్-3 వంటి కెమెరాలో ఎపర్చర్ దాదాపు ఎఫ్/11, షట్టర్ 1/50 కంటే నెమ్మది. నిండు ఎండలో ఐఎస్ఓ 100 ఫిల్మ్‌పై రెండు స్టాపులకు పైగా అదనపు వెలుతురు పడుతుంది. నలుపు-తెలుపులో అది నెట్టుకురాగల పరిస్థితి. ఐఎస్ఓ 400 వేస్తే ఆ అదనం నాలుగు స్టాపులు దాటుతుంది, అంటే అవసరమైన దానికి 16 రెట్లకు మించి. తెల్లని పంచె, ఆకాశం, సున్నం వేసిన గోడ అన్నీ ఒకే తెల్లని మచ్చగా కలిసిపోయే ప్రమాదం ఉంది. ఇటువంటి కెమెరాలు నెమ్మదైన ఫిల్మ్‌ల కాలంలో పుట్టాయన్న సంగతి మరువరాదు.

అలాగని వేగవంతమైన ఫిల్మ్ పనికిరాదని కాదు. ముసురు పట్టిన శ్రావణ మాసపు మధ్యాహ్నం, ఆలయ మండపంలోని నీడ, వంటింటి కిటికీ వెలుగు, వసారాలో కూర్చున్న అమ్మమ్మ ముఖం — ఇటువంటి చోట్ల ఐఎస్ఓ 100తో షట్టర్ బాగా నెమ్మదించి చేతి వణుకు బొమ్మలోకి వస్తుంది. అక్కడ 400 అవసరం. స్థూలంగా చెప్పాలంటే, ఆరుబయట ఎండకు 100 లేదా 125, ఇంటి లోపలికీ మబ్బు రోజులకూ 400. ఎలాంటి వెలుతురు ఎదురవుతుందో తెలియనప్పుడు, కెమెరా షట్టర్ కనీసం 1/500 వరకు వెళ్లగలిగితే, 400నే ఎంచుకోవచ్చు.

35 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ కెమెరాలు వాడేవారు ఒక విషయం గమనించాలి. 1980 దశకం నుంచి వచ్చిన అనేక కెమెరాలు రీలు డబ్బాపై ఉండే డీఎక్స్ గుర్తును చదివి ఫిల్మ్ వేగాన్ని తామే నిర్ణయించుకుంటాయి. గుర్తు లేని డబ్బా వేస్తే వాటిలో చాలావరకు ఐఎస్ఓ 100 అనే భావిస్తాయి. పెద్ద చుట్ట కొని సొంతంగా రీళ్లు నింపుకునేవారు ఇది తెలుసుకుని ఉండాలి.

రంగులు బూడిద వర్ణంగా మారే తీరు

నలుపు-తెలుపు ఫిల్మ్ రంగులను తొలగించదు. వాటిని తనదైన పద్ధతిలో అనువదిస్తుంది. ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ నీలం, ఆకుపచ్చలను చూస్తుంది, ఎరుపును చూడదు. అందులో కుంకుమ బొట్టు, ఎర్ర చీర దాదాపు నల్లగా వస్తాయి. చర్మంలో ఎరుపు ఛాయ ఉంటుంది కనుక ముఖాలు కూడా ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తాయి. ఇల్ఫోర్డ్ సంస్థ ఆర్థో ప్లస్ పేరుతో ఈ రకాన్ని నేటికీ విక్రయిస్తోంది. ప్రత్యేకమైన ఫలితం కోరేవారికి అది ఆసక్తికరమే కానీ, కుటుంబ చిత్రాలతో మళ్లీ మొదలుపెట్టేవారికి తగినది కాదు.

పాన్‌క్రోమాటిక్ ఫిల్మ్ అన్ని రంగులను చూస్తుంది. అయితే ఎరుపు అంచున్న ఆకుపచ్చ చీరలో రెండు రంగులూ ఒకే బూడిద ఛాయగా కలిసిపోవచ్చు. నీలాకాశం తెల్లగా తేలిపోవచ్చు. దీనికి ఫిల్మ్ మార్చనక్కరలేదు. కటకం ముందు ఒక ఫిల్టర్ అమర్చితే చాలు. పసుపు ఫిల్టర్ ఆకాశాన్ని కొద్దిగా ముదురు చేసి మబ్బులను వెలికితెస్తుంది. దానికి సుమారు ఒక స్టాపు వెలుతురు అదనంగా ఇవ్వాలి. నారింజ రంగు ఫిల్టర్ ప్రభావం మరింత ఎక్కువ. దాని వెల రెండు స్టాపుల వరకు ఉంటుంది. ఎరుపు ఫిల్టర్ ఆకాశాన్ని దాదాపు నల్లబరుస్తుంది, మూడు స్టాపులు తీసుకుంటుంది. కె1000 వంటి కెమెరాలలో మీటరు కటకం గుండానే చూస్తుంది కనుక ఈ తేడా చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. యాషికా ఎలక్ట్రోలో మీటరు కన్ను కెమెరా ముందు భాగంలో విడిగా ఉంటుంది. పసుపు ఫిల్టర్ వేసినప్పుడు ఫిల్మ్ వేగాన్ని 400కు బదులు 200గా అమర్చుకోవాలి.

దొరికే ఫిల్మ్‌లు, వాటి స్వభావం

ఒకప్పుడు మన దేశానికి సొంత ఫిల్మ్ ఉండేది. తమిళనాడులోని ఊటీలో 1960లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్, 1967లో ఉత్పత్తి ప్రారంభించి ‘ఇందు’ పేరుతో రీళ్లను అందించింది. ఆ కర్మాగారం మూతపడింది. నేడు దుకాణాలలో కనిపించే నలుపు-తెలుపు రీళ్లు విదేశాలలో తయారైనవే. ఎంచుకున్న రకం ఏడాది పొడవునా దొరుకుతుందా అన్నది అందుకే ముఖ్యమైన ప్రశ్న.

ఈ ఫిల్మ్‌లను రెండు కుటుంబాలుగా విభజించవచ్చు. మొదటిది సాంప్రదాయిక స్ఫటికాల కుటుంబం: కొడాక్ ట్రై-ఎక్స్ 400, ఇంగ్లండ్‌లో తయారయ్యే ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్, ఎఫ్‌పీ4 ప్లస్, కెంట్మియర్, చెక్ దేశపు ఫోమాపాన్. వీటిలో రేణువులు కొంచెం స్పష్టంగా కనిపిస్తాయి, కానీ ఎక్స్‌పోజర్‌లోనూ కడగడంలోనూ జరిగే చిన్న తేడాలను ఇవి మన్నిస్తాయి. రెండవది పలకల ఆకారపు స్ఫటికాలతో తయారైన కొడాక్ టీ-మ్యాక్స్, ఇల్ఫోర్డ్ డెల్టా. ఇవి నునుపైన, సూక్ష్మమైన బొమ్మను ఇస్తాయి. బదులుగా కడిగే సమయం, ఉష్ణోగ్రతల విషయంలో ఎక్కువ క్రమశిక్షణ కోరుతాయి. షట్టర్ మీద, మీటరు మీద ఇంకా నమ్మకం కుదరనివారికి మొదటి కుటుంబమే తగినది.

ధర తక్కువగా ఉండే కెంట్మియర్, ఫోమాపాన్ రీళ్లు సాధన దశకు మేలు. ఫోమాపాన్ 400ను 200 లేదా 250గా భావించి వెలుతురు ఇస్తే నీడలలో వివరం మెరుగ్గా వస్తుందన్నది దానిని వాడేవారి సాధారణ అనుభవం.

ఇల్ఫోర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ వేరే జాతికి చెందినది. ఇది నలుపు-తెలుపు బొమ్మనే ఇస్తుంది, కానీ రంగుల రీళ్లకు వాడే సి-41 రసాయనాలలో కడగాలి. ఊరిలో రంగుల ల్యాబ్ మాత్రమే మిగిలి ఉంటే ఇది ఉపయోగకరం. అయితే దాని బొమ్మ వెండితో కాక వర్ణకాలతో ఏర్పడుతుందని గుర్తుంచుకోవాలి.

కడిగేది ఎవరు? ఏ నీటితో?

రీలు కొనకముందే దానిని ఎక్కడ కడిగిస్తారో నిర్ణయించుకోవాలి. తీసిన రీలు నెలల తరబడి వేడిలో పడి ఉంటే దానిపై దాగిన బొమ్మ క్రమంగా బలహీనపడుతుంది. దగ్గరలో నలుపు-తెలుపు ల్యాబ్ లేకపోతే కొరియర్‌లో పంపవచ్చు, లేదా ఇంట్లోనే కడుక్కోవచ్చు. ఫిల్మ్‌ను డబ్బాలోకి ఎక్కించేంతవరకే పూర్తి చీకటి కావాలి. ఆ తరువాతి పనంతా వంటింటి గట్టు మీద పూర్తి చేయవచ్చు.

ఇక్కడ మన వాతావరణం పరీక్ష పెడుతుంది. డెవలపర్ పట్టికలు సాధారణంగా 20 డిగ్రీల వద్ద సమయాన్ని సూచిస్తాయి. వేసవిలో మన కుళాయి నీరే 30 డిగ్రీలు దాటుతుంది. డెవలపర్ సీసాను మంచు ముక్కలు వేసిన బకెట్‌లో నిలబెట్టి 24 డిగ్రీలకు తేవడం కష్టం కాదు. అయితే 20 వద్ద 10 నిమిషాలు పట్టేది 24 వద్ద దాదాపు 7 నిమిషాలకు తగ్గుతుంది. మొత్తం సమయం 5 నిమిషాల కంటే తక్కువైతే బొమ్మపై అసమానంగా మరకలు ఏర్పడే అవకాశం ఉంది.

అందుకే మన ప్రాంతంలో డెవలపర్‌ను పలుచన చేసి వాడడం వివేకం. ఉదాహరణకు, హెచ్‌పీ5 ప్లస్‌ను ఐడీ-11 డెవలపర్‌లో నేరుగా కడిగితే 20 డిగ్రీల వద్ద ఏడున్నర నిమిషాలు. సమాన భాగం నీరు కలిపితే 13 నిమిషాలు. ఈ రెండవ పద్ధతిలో 24 డిగ్రీల వద్ద కూడా దాదాపు 9 నిమిషాల వ్యవధి మిగులుతుంది.

నీటి ఎద్దడి ఉన్నచోట గంటసేపు కుళాయి కింద కడగనక్కరలేదు. హైపో తరువాత డబ్బాను నీటితో నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయడం, మళ్లీ నింపి 10 సార్లు, మరోసారి నింపి 20 సార్లు చేయడం అనే పద్ధతిని ఇల్ఫోర్డ్ సంస్థే సూచించింది. గట్టిపరచే రసాయనం లేని హైపోకు ఇది సరిపోతుంది.

పాత రీళ్లు, ప్రయాణాలు

కెమెరాతోపాటు బీరువాలో పాత ఇందు లేదా ఓర్వో రీలు దొరికితే దానిని ముఖ్యమైన సందర్భానికి వాడరాదు. మన వేడిలో దశాబ్దాలు గడిపిన ఫిల్మ్ సున్నితత్వాన్ని కోల్పోయి, బొమ్మంతటా పొగమంచు వంటి పొరను సంతరించుకుంటుంది. ప్రయోగానికి మాత్రం నిరభ్యంతరంగా ఉపయోగించవచ్చు. కెమెరాలో సగం తీసిన రీలు ఉందేమోనని వెనుక మూత తెరిచే ముందు తప్పక పరీక్షించాలి. అందులో మీరు ఎన్నడూ చూడని మనుషులు ఉండవచ్చు.

కొత్త రీళ్లను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాలి. వాడే ముందు ఒకటి రెండు గంటలు బయట ఉంచి, గది వేడికి వచ్చాకే డబ్బా తెరవాలి. లేకపోతే ఫిల్మ్‌పై తేమ పడుతుంది. ఎండలో నిలిపిన కారులో కెమెరాను వదలరాదు. విదేశాల నుంచి రీళ్లు తెచ్చే బంధువులకు వాటిని చెక్-ఇన్ సామానులో పెట్టవద్దని చెప్పాలి. అక్కడి స్కానర్లు ఫిల్మ్‌ను పాడుచేస్తాయి. కొన్ని విమానాశ్రయాలలో చేతి సామానుకు వాడే కొత్త సీటీ స్కానర్లు కూడా హానికరమే. రీళ్లను పారదర్శకమైన సంచిలో పెట్టి, చేతితో తనిఖీ చేయమని భద్రతా సిబ్బందిని వినయంగా కోరడం ఉత్తమం.

ఒకే ఫిల్మ్, ఒక నోటు పుస్తకం

తొలి రీలును పెళ్లికో, గృహప్రవేశానికో కేటాయించవద్దు. అది కెమెరాకు వైద్య పరీక్ష వంటిది. ఒకే దృశ్యాన్ని వేర్వేరు షట్టర్ వేగాలతో, అందుకు తగిన ఎపర్చర్‌లతో తీసి, వివరాలు రాసుకోండి. బొమ్మలన్నీ సమానంగా వస్తే షట్టర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. అంచులలో తెల్లని చారలు కనిపిస్తే వెనుక మూత చుట్టూ ఉండే స్పాంజి పట్టీ శిథిలమైనట్టు. దానిని మార్చడం పెద్ద ఖర్చు కాదు.

ఆ తరువాత ఒక ఫిల్మ్‌ను, ఒక డెవలపర్‌ను ఎంచుకుని కనీసం పది రీళ్ల వరకు మార్చకుండా ఉండండి. ఆరుబయట ఎక్కువగా తీసేవారికి ఎఫ్‌పీ4 ప్లస్ లేదా కెంట్మియర్ 100. ఇంటి లోపల, మబ్బు వెలుగులో తీసేవారికి హెచ్‌పీ5 ప్లస్ లేదా ట్రై-ఎక్స్. ప్రతి రీలుకూ ఫిల్మ్ మారుస్తూ పోతే, మార్పు ఫిల్మ్ వల్ల వచ్చిందో, వెలుతురు వల్ల వచ్చిందో, కడగడం వల్ల వచ్చిందో ఎన్నటికీ తెలియదు. ఒకే ఫిల్మ్‌తో ఉంటే పదో రీలు నాటికి మీటరు చూడకుండానే వసారాలోని వెలుతురుకు ఏ అంకెలు పెట్టాలో చేతికి తెలిసిపోతుంది.

ఒక రీలులో ఉండేది 36 బొమ్మలు, 120 కెమెరాలో 12 మాత్రమే. ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి తీసేందుకు దొరికే సందర్భాలు అంతకంటే తక్కువ. ఆ రోజు వచ్చేసరికి కెమెరా, ఫిల్మ్, కడిగే పద్ధతి మూడూ మీకు పరిచయమైనవై ఉండాలి.